ఆంబ్రోసియా పెంకు పురుగుల జాతి నిర్ధారణ: గుంటూరు, ప్రకాశం నల్లరేగడి మైదానాలకు దాని ప్రాధాన్యం

2021 జనవరి, ఫిబ్రవరి నెలల్లో నాటి గుంటూరు జిల్లాలోని చిలకలూరిపేట ప్రాంతంలో మిరప పూలు అసాధారణంగా దెబ్బతినడం శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చింది. మిరపలో తామర పురుగు కొత్తది కాదు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని ఈ మైదానంలోని రైతు సైతం చెప్పగలడు. కానీ ఆ ఏడాది కనిపించిన పురుగు లేత ఆకుల కంటే పూలలో ఎక్కువగా గుంపులు కట్టింది. రంగు ముదురుగా ఉంది. పరిశీలనలో అది చిరపరిచితమైన సిర్టోత్రిప్స్ డార్సాలిస్ కాదని, ఆగ్నేయాసియాకు చెందిన త్రిప్స్ పార్విస్పైనస్ అని తేలింది. ఆ జాతి భారతదేశంలో ఉన్నట్లు బెంగళూరులో బొప్పాయిపై సేకరించిన నమూనాల ఆధారంగా 2015లోనే నమోదైంది. అంటే పేరు శాస్త్ర సాహిత్యంలో ఉంది, పురుగు దేశంలో ఉంది, కానీ మిరప చేలో దానిని ఆ పేరుతో చూసే కన్ను సిద్ధంగా లేదు. 2021 ఖరీఫ్ నాటికి అది తెలుగు రాష్ట్రాలలోని మిరప ప్రాంతాలలో విస్తరించింది. ఈలోగా పాత తామర పురుగుకు వాడే మందులనే రైతులు ఒకదాని తరువాత ఒకటి మార్చి పిచికారి చేశారు.

తామర పురుగు కనీసం పూవును విదిలిస్తే అరచేతిలో రాలుతుంది. చెక్కలోపల జీవించే పురుగు విషయంలో ఆ అవకాశం కూడా లేదు. బెరడుపై గుండుసూది తల అంత రంధ్రం, దాని కింద కాస్త పొట్టు తప్ప బయటకు కనిపించేది ఏమీ ఉండదు. ఆంబ్రోసియా పెంకు పురుగులు ఇటువంటివి. ఇవి పత్తికీ మిరపకూ ముఖ్య శత్రువులు కావు. అయినప్పటికీ ఈ మైదానాల్లో పనిచేసే విస్తరణ శాస్త్రజ్ఞులు వీటిని జాతిస్థాయిలో గుర్తించడం ఎందుకు అవసరమో, ఎంతవరకు క్షేత్రంలో సాధ్యమో, ఎక్కడ ప్రయోగశాలకు అప్పగించవలసి ఉంటుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

చెక్కను తినని చెక్క పురుగు

1836లో ష్మిడ్‌బెర్గర్ అనే ఆస్ట్రియా దేశస్థుడు ఈ పురుగుల సొరంగాల గోడలపై తెల్లని పూతను గమనించి, దానికి గ్రీకు పురాణాలలో దేవతల ఆహారమైన ఆంబ్రోసియా పేరు పెట్టాడు. మన భాషలో చెప్పాలంటే అమృతం. ఆ పూత శిలీంద్రమని 1844లో హార్టిగ్ గుర్తించాడు. తల్లి పురుగు చెక్కను తొలుస్తుంది గాని తినదు. తొలిచిన పొట్టును బయటకు నెట్టివేసి, తన శరీరంలోని ప్రత్యేకమైన సంచిలో మోసుకువచ్చిన శిలీంద్రాన్ని సొరంగపు గోడలపై నాటుతుంది. ఆ సంచిని మైకాంజియం అంటారు. తల్లి, పిల్లలు అందరూ ఆ శిలీంద్రాన్నే మేస్తారు. ఒక విధంగా ఇది చెట్టు లోపల జరిగే సేద్యం. నేల చెట్టుది, విత్తనం పురుగుది.

ఈ జీవన విధానం నుంచి రెండు విషయాలు బయటపడతాయి. మొదటిది, లోపలి పిల్ల పురుగు చెక్కను నమలదు గనుక బెరడుపై చల్లిన మందు దాని కడుపులోకి చేరే మార్గం దాదాపు లేదు. చెట్టును వదలి ఎగిరే ఆడ పురుగు కొత్త బెరడుపై వాలిన కొద్దిసేపు మాత్రమే మందుకు దొరుకుతుంది. రెండవది, చెట్టుకు కలిగే నష్టం రంధ్రాలకంటే శిలీంద్రం వల్లనే ఎక్కువ కావచ్చు. కొన్ని జాతులు మోసే శిలీంద్రం చచ్చిన చెక్కలో బతికి ఊరుకుంటుంది. కొన్ని జాతుల శిలీంద్రం బతికిన చెట్టు నీటి నాళాలను పట్టి కొమ్మను ఎండగొడుతుంది. ఏ పురుగు ఏ శిలీంద్రాన్ని మోస్తుందన్నది ప్రధానంగా పురుగు జాతిని బట్టి ఉంటుంది. జాతి నిర్ధారణ కేవలం వర్గీకరణ నిపుణుల ముచ్చట కాదనడానికి ఇదొక్కటే చాలు.

వీటి పునరుత్పత్తి కూడా గమనించదగినది. ఇక్కడ ప్రస్తావించే జైలెబోరిని తెగలో ఫలదీకరణ చెందని గుడ్ల నుంచి మగ పురుగులు, చెందిన గుడ్ల నుంచి ఆడ పురుగులు పుడతాయి. మగవి చిన్నవి, ఎగరలేనివి, సంఖ్యలో బహు తక్కువ. ఆడ పురుగు పుట్టిన సొరంగంలోనే తోబుట్టువుతో జతకట్టి, శిలీంద్రాన్ని నింపుకొని బయలుదేరుతుంది. ఒకవేళ జతకట్టని ఆడ పురుగు బయటపడినా, ముందుగా మగ సంతానాన్ని కని, ఆ కొడుకుతోనే జతకట్టి వంశాన్ని నిలబెట్టగలదు. కాబట్టి ఒక్క కట్టెముక్కలో దాగిన ఒక్క ఆడ పురుగు కొత్త ప్రదేశంలో సంతతిని స్థాపించడానికి సరిపోతుంది.

పొట్టును బట్టి తొలి విభజన

రంధ్రం కనిపించగానే ఫొటో తీసి వాట్సాప్ సమూహంలో పెట్టడం, నిమిషాల్లో ఎవరో మందు పేరు, మోతాదు పంపడం నేడు సర్వసాధారణమైంది. రంధ్రం ఫొటోలో జాతి ఉండదు. అయితే రంధ్రం చుట్టూ ఉన్న ఆధారాలను సక్రమంగా చూస్తే అసలు ఇది ఆంబ్రోసియా పురుగేనా అన్న ప్రశ్నకు చాలావరకు సమాధానం దొరుకుతుంది.

మొదట చూడవలసింది చెక్కలోని తేమ. శిలీంద్రం పెరగడానికి తేమ కావాలి. గట్టున నిలిచి ఉన్న చెట్టులో, కొత్తగా నరికిన మొద్దులో ఆంబ్రోసియా పురుగు ఉండవచ్చు. ఇంటి వెనుక ఏడాదిగా పేర్చి ఉంచిన పత్తి కట్టె నుంచి, పాత పొగాకు బ్యారన్ దూలాల నుంచి రాలే మెత్తని పిండి మాత్రం దాని పని కాదు. అది ఎండు చెక్కను తినే వేరే కుటుంబాల పురుగులది. ఆంబ్రోసియా పురుగు తోసే పొట్టు కొంత ముతకగా ఉంటుంది. జైలోసాండ్రస్ క్రాసియుస్కులస్ వంటి జాతిలో ఆ పొట్టు ఒత్తుకొని సన్నని సేమియా పుల్లలవలె రంధ్రం నుంచి బయటకు పొడుచుకు వస్తుంది. గాలి వీస్తే, వాన పడితే అవి రాలిపోతాయి గనుక ఉదయం వేళ పరిశీలించడం మేలు.

తరువాత రంధ్రాన్ని వెంబడిస్తూ చెక్కను చీల్చాలి. ఆంబ్రోసియా పురుగు సొరంగంలో పొట్టు నిండి ఉండదు. తల్లి దానిని శుభ్రంగా ఉంచుతుంది. గోడలు శిలీంద్రం వల్ల గోధుమ లేదా నలుపు రంగుకు తిరిగి ఉంటాయి. ఎండు చెక్క పురుగుల సొరంగాల్లో పిండి దట్టించి ఉంటుంది, గోడలకు మరక ఉండదు. చాకు, చిన్న రంపం ఉంటే పది నిమిషాల పని. కానీ క్షేత్ర సందర్శనకు వెళ్లే వారి సంచిలో భూతద్దం ఉన్నంత తరచుగా రంపం ఉండదు.

భూతద్దం కింద

చీల్చిన చెక్కలో దొరికిన ముదురు గోధుమ లేదా నల్లని, రెండు మూడు మిల్లీమీటర్ల స్తంభాకారపు పెంకు పురుగును చూసి విద్యార్థి పొరబడే సందర్భాలు మూడు. మిరప కోల్డ్ స్టోరేజీల్లో, పొగాకు గోదాముల్లో పరిచయమైన సిగరెట్ పెంకు పురుగు కూడా దాదాపు ఇంతే పరిమాణం, తల కిందికి వంచి ఉంటుంది. కాని దాని స్పర్శశృంగాలు రంపపు పళ్లవలె ఉంటాయి, గట్టి రెక్కలు నునుపుగా, చాళ్లు లేకుండా, సన్నని నూగుతో ఉంటాయి. పైగా అది ఎండిన పదార్థాల పురుగు. పచ్చి చెక్కలో దానికి పని లేదు.

రెండవది బోస్ట్రికిడే కుటుంబం. నిల్వ ధాన్యంలో ఉండే రైజోపెర్తా ఈ కుటుంబానిదే. వీటికి కూడా పైనుంచి చూస్తే తల కనిపించదు, ముందు వక్షపు ఫలకంపై ఆకురాయివంటి గరుకు ఉంటుంది. పొరపాటుకు కారణం ఇదే. తేడా స్పర్శశృంగంలో ఉంది. బోస్ట్రికిడ్‌లలో చివరి మూడు కణుపులు విడివిడిగా, వదులుగా ఉంటాయి. ఆంబ్రోసియా పురుగులో శృంగం మోచేతివలె వంగి, చివర ఒకే ముద్దగా బొడిపె కట్టి ఉంటుంది. నరికిన కలపలో దొరికే సైనాక్సిలాన్‌కు వెనుక వాలుపై రెండు ముళ్లు ఉంటాయి గనుక దానిని వెంటనే వేరు చేయవచ్చు.

మూడవది ప్లాటిపోడినే ఉపకుటుంబం. ఇవీ శిలీంద్రాన్ని పెంచేవే గనుక ఆంబ్రోసియా పురుగులే. కాని శరీరం పొడవుగా, సన్నగా ఉంటుంది. తల పైనుంచి స్పష్టంగా కనిపిస్తుంది, వెడల్పులో వక్షానికి దీటుగా ఉంటుంది. పాదంలోని మొదటి కణుపు మిగిలిన కణుపులన్నిటి మొత్తమంత పొడవు. ఈ ఒక్క లక్షణం చాలు.

ఇవి మూడూ కాదనుకున్న తరువాత ప్రజాతిని నిర్ణయించడం 40 రెట్లు పెద్దదిగా చూపే సూక్ష్మదర్శిని ఉన్న ఏ కళాశాలలోనైనా సాధ్యం. పురుగును వెల్లకిలా తిప్పి ముందు కాళ్ల మొదళ్లను చూడాలి. జైలోసాండ్రస్‌లో అవి ఎడంగా ఉంటాయి, యూవల్లేసియాలో, జైలెబోరస్‌లో ఒకదానికొకటి తాకుతూ ఉంటాయి. జైలోసాండ్రస్‌లో ముందు వక్షం, గట్టి రెక్కలు కలిసే చోట నడుమ చిన్న వెంట్రుకల కుచ్చు ఉంటుంది. శిలీంద్రపు సంచి ముఖద్వారం అక్కడే. యూవల్లేసియాలో సంచులు నోటికి దగ్గరగా, దవడల వద్ద ఉంటాయి గనుక ఆ కుచ్చు కనిపించదు. ప్రజాతి తేలిన తరువాత గట్టి రెక్కల వెనుక వాలును పరిశీలించాలి. జైలోసాండ్రస్ క్రాసియుస్కులస్‌లో ఆ వాలు మెరుపు లేకుండా, సన్నని ఇసుక అద్దినట్లు గరుకుగా ఉంటుంది, శరీరం ఎర్రగోధుమ రంగు. జైలోసాండ్రస్ కాంపాక్టస్ రెండు మిల్లీమీటర్లకు లోపే, నల్లగా మెరుస్తుంది, కాఫీ వంటి మొక్కల సన్నని రెమ్మలలో కాపురం పెడుతుంది. జైలెబోరస్ పెర్ఫోరాన్స్ శరీరం సన్నగా పొడవుగా ఉండి, వాలుపై చిన్న చిన్న బొడిపెలు ఉంటాయి.

పరిశీలించే పురుగు ఆడదై ఉండాలన్నది మరువరాదు. గుర్తింపు పట్టికలు ప్రధానంగా ఆడ పురుగుల లక్షణాలపై ఆధారపడి ఉన్నాయి. ఒక్క నమూనాతో నిర్ణయం చేయడం, అందులోనూ అప్పుడే కోశస్థ దశ నుంచి వెలువడిన లేత రంగు పురుగును చూసి రంగును బట్టి పేరు పెట్టడం తరచుగా జరిగే తప్పు.

ఒక పేరు, నాలుగు జాతులు

సూక్ష్మదర్శిని ఎక్కడ చాలదో చెప్పడానికి యూవల్లేసియా ఫోర్నికేటస్ చరిత్రను మించిన ఉదాహరణ లేదు. 1868లో ఐకాఫ్ సింహళం నుంచి వచ్చిన నమూనాల ఆధారంగా దీనిని జైలెబోరస్ ఫోర్నికేటస్ అని వర్ణించాడు. ఆ తరువాత సింహళంలోను, దక్షిణ భారతంలోని తేయాకు కొండల్లోను తేయాకు కొమ్మలను తొలిచే పురుగుకు ఇదే పేరు స్థిరపడింది. తేయాకు షాట్ హోల్ బోరర్ అంటే ఫోర్నికేటస్, ఫోర్నికేటస్ అంటే తేయాకు షాట్ హోల్ బోరర్ అని దశాబ్దాలపాటు పాఠ్యపుస్తకాలు చెప్పాయి. పోలికలున్న మరికొన్ని జాతులను వర్ణించినా, తరువాతి కాలంలో వాటిని దీనిలోనే కలిపివేశారు.

2003లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఈ రకపు పురుగు దొరికింది. పాత పేరే పెట్టారు. తెలిసిన తేయాకు పురుగు, అక్కడ తేయాకు తోటలు లేవు, కాబట్టి పెద్ద ఆందోళన కలగలేదు. 2009లో ఇజ్రాయెల్‌లో అవకాడో చెట్లు ఎండుతూ కనిపించాయి. 2012లో కాలిఫోర్నియాలోనూ అవకాడో కొమ్మల ఎండుకు ఈ పురుగు, అది మోసే ఫ్యుజేరియం కారణమని తేలింది. ఆ శిలీంద్రం తేయాకు పురుగు మోసే ఫ్యుజేరియం ఆంబ్రోసియం కాదు, కొత్తది. 2013లో దానికి ఫ్యుజేరియం యూవల్లేసియే అని పేరు పెట్టారు. శిలీంద్రం వేరైతే పురుగు ఒకటేనా అన్న అనుమానం అక్కడ మొదలైంది. డీఎన్‌ఏ పరీక్షలో బయటకు ఒకేలా కనిపించే ఈ పురుగుల్లో స్పష్టంగా వేరైన శాఖలు బయటపడ్డాయి. కాలిఫోర్నియాలోనే రెండు జాతులు ఉన్నట్లు తేలింది. 2017లో దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్ వృక్షశాస్త్ర ఉద్యానంలో అదే పురుగును గుర్తించారు. తరువాత అది ఆ దేశపు నగరాలలోని వీధి చెట్లకు పాకింది.

ఇక పేరు చిక్కు. 2018లో గోమెజ్, సహచరులు కొలతలు, డీఎన్‌ఏ కలిపి పరిశీలించి ఫోర్నికేటస్ సముదాయాన్ని నాలుగు జాతులుగా విడదీశారు. ఫోర్నికేటస్ పేరును తేయాకుపై ఉండే ఒక శాఖకు ఉంచి, అవకాడోను ఎండగొట్టే బహుభక్షక జాతికి యూవల్లేసియా విట్‌ఫోర్డియోడెండ్రస్ అనే పాత పేరును పునరుద్ధరించారు. కాని ఐకాఫ్ వర్ణనకు ఆధారమైన మూల నమూనా నశించిందనుకొని చేసిన నిర్ణయమది. మరుసటి ఏడాది ఆ మూల నమూనా దొరికింది. స్మిత్, సహచరులు 2019లో దానిని కొలిచి చూడగా అది తేయాకు శాఖకు కాక, బహుభక్షక జాతికే సరిపోయింది. దానితో పేర్లు తారుమారయ్యాయి. నేడు యూవల్లేసియా ఫోర్నికేటస్ అంటే అనేక వృక్షాలను ఆశించే జాతి. తేయాకు పురుగులుగా పిలిచినవి యూవల్లేసియా పెర్‌బ్రెవిస్, యూవల్లేసియా ఫోర్నికేటియర్. నాలుగవది యూవల్లేసియా కురోషియో.

విద్యార్థికి దీని ప్రయోజనం ప్రత్యక్షమైనది. 2018కి ముందు వెలువడిన వ్యాసంలో ఫోర్నికేటస్ అని ఉంటే అది ఈ నాలుగింటిలో ఏదైనా కావచ్చు. 2018 నాటి ఆ విభజనను అనుసరించిన వ్యాసంలో అదే పేరు తేయాకు శాఖను సూచిస్తుంది. 2019 తరువాతి వర్గీకరణను అనుసరించిన దానిలో సరిగ్గా దానికి భిన్నమైన జాతిని సూచిస్తుంది. ప్రచురణ సంవత్సరం చూడకుండా ఆతిథ్య మొక్కల జాబితాను ఎత్తి రాస్తే, ఒక జాతి అలవాట్లు మరొక జాతికి అంటగట్టినట్లే. మన దేశపు పాత జాబితాల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. దానిమ్మ తోటల్లో, అనంతపురం ప్రాంతంతో సహా, షాట్ హోల్ బోరర్ అనే ఒక్క వాడుక పేరు కింద జైలెబోరస్ పెర్ఫోరాన్స్, ఫోర్నికేటస్ రెండూ సాహిత్యంలో కనిపిస్తాయి. ఇవి ఒకే ప్రజాతికి కూడా చెందవు.

ఈ నాలుగు జాతుల ఆడ పురుగుల పొడవు, వక్షపు ఆకారం, ముందు కాలి పళ్ల సంఖ్య వంటి కొలతల్లో సగటు తేడాలు ఉన్నాయి గాని, వాటి పరిధులు ఒకదానిపై ఒకటి పడతాయి. అందువల్ల ఒక పురుగును కొలిచి నిశ్చయంగా పేరు చెప్పడం కుదరదు. మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యుభాగపు వరుసను చదివితే మాత్రం విడిపోతాయి. యూవల్లేసియా ఫోర్నికేటస్ సముదాయం అన్నంతవరకు కళాశాల ప్రయోగశాల చెప్పవచ్చు. సముదాయంలో ఏది అన్నది డీఎన్‌ఏ చెప్పాలి. నివేదికలో మొదటిదే రాసి ఆగడం లోపం కాదు, రెండవదానిని ఊహించి రాయడమే లోపం.

నీరు నిలిచిన నేల, మద్యపు వాసన

సస్యశాస్త్ర దృష్టితో చూస్తే ఈ విషయంలో అత్యంత ముఖ్యమైనది ఇక్కడ ఉంది. నల్లరేగడిలో నీరు నిలిస్తే వేళ్లకు ప్రాణవాయువు అందదు. వేరు వాయురహిత శ్వాసకు మళ్లి ఎథనాల్‌ను ఉత్పత్తి చేస్తుంది. అది కాండంలోకి చేరి బెరడు గుండా వెలువడుతుంది. జైలోసాండ్రస్ జాతులు ఈ వాసనను పట్టుకొనే చెట్టును ఎంచుకుంటాయి. బయటకు పచ్చగా, ఆరోగ్యంగా కనిపించే చెట్టు కూడా నీటి ముంపుకు గురైతే వాటికి లక్ష్యమవుతుంది. రేంజర్, సహచరులు 2018లో చూపిన అంశం మరింత ఆసక్తికరం: చెక్కలోని ఎథనాల్ ఆంబ్రోసియా శిలీంద్రానికి అనుకూలించి, పోటీకి వచ్చే ఇతర శిలీంద్రాలను అణచివేస్తుంది. మద్యం ఉన్న చెట్టును ఎంచుకోవడం పురుగుకు కలుపు నివారణ వంటిది.

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పుడు ఈ జిల్లాల్లో వేల ఎకరాలు నీట మునిగాయి. అటువంటి ముంపు తరువాత కొన్ని వారాలకు గట్టుమీది మామిడికో, నిమ్మకో సన్నని రంధ్రాలు, సేమియా పుల్లలవంటి పొట్టు కనిపించాయనుకుందాం. పురుగు జైలోసాండ్రస్ అని తేలితే, రైతుకు చెప్పవలసిన మాట మందు గురించి కాదు, మురుగు కాలువ గురించి. పత్తిలో ముంపు తరువాత వచ్చే పారావిల్ట్‌ను ఎండు తెగులనుకొని శిలీంద్రనాశినులు పోయడం ఎంత నిష్ఫలమో, ఇక్కడ చెట్టు మొదలుకు పురుగుమందు పోయడం అంత నిష్ఫలం. రెండింటిలోనూ మూలం నేలలోని నీరే.

అదే రంధ్రాల వెనుక యూవల్లేసియా ఉంటే పరిస్థితి తలకిందులవుతుంది. ఇది ఒత్తిడికి లోనుకాని చెట్టును కూడా ఆశించగలదు. ఎథనాల్ ఎర పెట్టిన బుట్టలు దీనిని పట్టడంలో నమ్మదగినవి కావు. ఇది క్వెర్సివోరాల్ అనే పదార్థానికి ఆకర్షితమవుతుంది. అంటే ఎథనాల్ ఎరలో పురుగు పడలేదు గనుక యూవల్లేసియా లేదనడం తప్పు. ఇది స్థిరపడిన చెట్టుకు మురుగు కాలువ తీసి ఊరుకుంటే, ప్రతి తరం ఆడ పురుగులు పక్క చెట్లకు పోతూ ఉంటాయి. దాడికి గురైన కొమ్మలను కోసి, చిన్న ముక్కలుగా తరిగి, అక్కడికక్కడే పారదర్శకపు ప్లాస్టిక్ పరచి ఎండ వేడికి మగ్గబెట్టడం లేదా కాల్చివేయడం తప్ప నమ్మకమైన మార్గం తక్కువ. వంటచెరకుగా మరో ఊరికి తరలించడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు.

గట్టున ఉన్న ఆముదం

ఈ మైదానాల్లో మిరప, పత్తి చేల చుట్టూ ఆముదాన్ని పొగాకు లద్దె పురుగుకు ఎర పంటగా వేయాలని విశ్వవిద్యాలయాలు, వ్యవసాయ శాఖ ఏళ్ల తరబడి సిఫార్సు చేస్తున్నాయి. సిఫార్సు సరైనదే. అయితే బహుభక్షక యూవల్లేసియా ఫోర్నికేటస్ సంతతిని పెంచుకోగల ఆతిథ్య మొక్కల్లో ఆముదం ఒకటి. కాలిఫోర్నియాలో కాలువ గట్లపై తనంత తాను పెరిగే ఆముదపు చెట్లు ఈ పురుగుకు ముఖ్యమైన స్థావరాలయ్యాయి. ఒక పంటకాలం ఉండి తొలగించే సన్నని ఆముదపు మొక్క వల్ల పెద్ద భయం లేదు. పంట తీసిన తరువాత కూడా గట్టుపై వదిలేసి, రెండేళ్లు మూడేళ్లు ముదిరి కాండం మణికట్టంత లావైన ఆముదం వేరు సంగతి. లద్దె పురుగు గుడ్ల కోసం ఆముదపు ఆకును తిప్పి చూసే అలవాటు క్షేత్ర సిబ్బందికి ఉంది. కాండాన్ని చూసే అలవాటు అరుదు.

కాండం చూసేవారు నేల నుంచి నడుము ఎత్తు వరకు బెరడును పరిశీలించాలి. ఒక మిల్లీమీటరుకు కొంచెం తక్కువ వ్యాసం గల గుండ్రని రంధ్రాలు, చుట్టూ తడి మరక, జిగురు లేదా పొట్టు కనిపిస్తే బెరడును చాకుతో పలుచగా గీకాలి. రంధ్రం చుట్టూ చెక్క గోధుమ రంగుకు మారిందా, ఆ మరక నిలువుగా ఎంత దూరం పాకిందన్నది నమోదు చేయాలి. లక్షణం చెట్టును బట్టి మారుతుంది. అవకాడోలో రంధ్రం చుట్టూ తెల్లని చక్కెరపొడి వంటిది పేరుకుంటుంది, మరికొన్ని చెట్లలో మరక తప్ప ఏమీ ఉండదు. ఒక చెట్టులో చూసిన గుర్తునే మరో చెట్టులో వెతకరాదు.

నమూనా సేకరణలో జరిగే పొరపాటు ఒకటి ప్రత్యేకించి చెప్పవలసి ఉంది. విద్యార్థుల సంగ్రహ పెట్టెల్లోవలె అట్టముక్కపై అంటించి ఆరబెట్టిన పురుగు, ఫార్మలిన్‌లో వేసిన పురుగు డీఎన్‌ఏ పరీక్షకు అంతగా పనికిరావు. కనీసం 95 శాతం ఎథనాల్‌లో, సాధ్యమైతే పది దాకా ఆడ పురుగులను, దొరికిన మగ పురుగును వేరుగా వేసి చల్లని చోట ఉంచాలి. శిలీంద్రాన్ని వేరుచేయదలచుకుంటే కొన్ని బతికిన పురుగులను తడి కాగితంతో చిన్న సీసాలో ఉంచి, ఒకటి రెండు రోజుల్లోనే వ్యాధిశాస్త్ర విభాగానికి చేర్చాలి. యూవల్లేసియాలో సంచులు తలలో ఉంటాయి గనుక తలను వేరుచేసి పోషక మాధ్యమంపై ఉంచితే శిలీంద్రం లభించే అవకాశం ఎక్కువ. జైలోసాండ్రస్‌లో అదే పనికి వక్షభాగాన్ని తీసుకోవాలి. చెక్కముక్కను పంపేటప్పుడు మూత బిగించిన గట్టి డబ్బాలో పంపాలి. పాలిథిన్ సంచిని ఈ పురుగు తొలిచి బయటపడగలదు.

చీటీపై గ్రామం, మండలం, తేదీ, చెట్టు పేరు, రంధ్రం ఉన్న ఎత్తు, అక్కడ కాండపు వ్యాసం రాయడం ఆనవాయితీ. వీటికి తోడు గత రెండు నెలల్లో ఆ పొలంలో నీరు నిలిచిందా, నిలిస్తే ఎన్ని రోజులు అన్న వివరం కూడా చేర్చాలి. కీటక శాస్త్రజ్ఞుడు సాధారణంగా అడగని ప్రశ్న అది, కాని సస్య శాస్త్రజ్ఞుడు సలహా ఇవ్వడానికి ముందు చూసేది అదే. వర్గీకరణ పరమైన నిర్ధారణకు బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థకు, అటవీ వృక్షాల నుంచి సేకరించినవైతే డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధనా సంస్థకు నమూనాలను పంపవచ్చు. అందులో కొన్నింటిని పంపిన వారి కళాశాలలోనే భద్రపరచడం అవసరం. ఐకాఫ్ నమూనా 150 ఏళ్ల తరువాత దొరకకపోయి ఉంటే, ఫోర్నికేటస్ పేరు నేటికీ తేయాకు పురుగుపైనే ఉండేది.